ఉచిత ఎడిటర్ సరే, హక్కుల సంగతేంటి?

వీడియో ఎడిటింగ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగేది "ఏది సులువు?" అని. కత్తిరించడం, అతికించడం, పైన పేరు వేయడం, వెనక పాట పెట్టడం... ఇవి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకటి రెండు రోజుల్లో చేతికి వస్తాయి. అసలు తేడా షరతుల్లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాడుకునే అనుమతి వేరు, అందులోని పాటలకూ బొమ్మలకూ ఉన్న అనుమతి వేరు. ఈ రెండూ కలిపేసుకున్నవాళ్లే అప్‌లోడ్ చేశాక తలపట్టుకుంటారు.

పైసా కట్టకుండా, లోగో పడకుండా, సంపాదనకు కూడా వాడుకోదగ్గవి ఏవి?

కంప్యూటర్ ఉంటే షాట్‌కట్, కెడెన్‌లైవ్, ఓపెన్‌షాట్. మూడూ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద వస్తున్నవే. ఇంట్లో పుట్టినరోజు వీడియో చేసుకున్నా, డబ్బు తీసుకుని ఊళ్లో బట్టల షాపుకి ప్రకటన చేసిపెట్టినా ఆ లైసెన్సుకు అభ్యంతరం లేదు. దాని షరతులు సాఫ్ట్‌వేర్ కోడ్‌కే గాని మీ వీడియోకి వర్తించవు. పాత ల్యాప్‌టాప్ అయితే ముందు షాట్‌కట్ చూడమంటాను. దావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సినిమావాళ్ల పనిముట్టు, నిజమే. కానీ 16 జీబీ ర్యామ్ లేని యంత్రంలో అది నడవదు, ఈడుస్తుంది. పైగా డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌కే పరిమితమైన ఎఫెక్ట్ ఒకటి తెలియక తగిలిస్తే బొమ్మ మీద వాటర్‌మార్క్ ప్రత్యక్షమవుతుంది. ఆ ఎఫెక్ట్ తీసేస్తే అదీ పోతుంది.

విండోస్ 11తో వచ్చే క్లిప్‌చాంప్ 1080పీ వరకు లోగో లేకుండా ఇస్తుంది. యాపిల్ వాళ్లకు ఐమూవీ ఉండనే ఉంది. ఫోన్‌లో అయితే వీఎన్ లోగో వేయదు, కైన్‌మాస్టర్ ఉచిత వెర్షన్ వేస్తుంది. ఇంకో మాట. విండోస్ మూవీ మేకర్‌ని మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలోనే ఆపేసింది. ఆ పేరుతో ఇప్పుడు డబ్బులడిగే సైటు కనిపిస్తే అటు పోకండి.

క్రాక్ వెర్షన్ వాడితే నిజంగా కేసవుతుందా? అందరూ వాడుతున్నారు కదా!

1957 నాటి కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ఇందుకోసమే ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారంలో భాగంగానో కాదని తేలితే కోర్టు జైలు శిక్ష లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. అంటే పెళ్లి వీడియోలు చేసి డబ్బు తీసుకునే కుర్రాడికి ఆ వెసులుబాటు లేదు. పోలీసుల మాట అటుంచితే, క్రాక్ ఫైలు వెంట వచ్చే వైరస్ మీ గూగుల్ ఖాతానీ, దాంతోపాటు ఛానల్‌నీ పట్టుకుపోయే ప్రమాదం అంతకన్నా దగ్గర్లో ఉంటుంది. ఫోన్‌లో వేసుకునే "మోడ్" ఏపీకేలదీ ఇదే కథ.

అమెరికాలో ఉన్న మా బావ క్యాప్‌కట్ వాడతాడు. నాకిక్కడ ఎందుకు దొరకడంలేదు?

2020 జూన్ 29న కేంద్రం ఐటీ చట్టంలోని 69ఎ సెక్షన్ కింద టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించింది. వీవావీడియో అనే ఎడిటర్ కూడా ఆ జాబితాలో ఉంది. క్యాప్‌కట్ టిక్‌టాక్ యజమాని బైట్‌డాన్స్‌దే, ఇక్కడి యాప్ స్టోర్లలో దొరకదు. అమెరికాలోనూ 2025 జనవరిలో టిక్‌టాక్‌తోపాటు అది కొన్నాళ్లు ఆగిపోయింది. దొడ్డిదారిన ఏపీకే తెచ్చుకుని దాని టెంప్లేట్ల మీద అలవాటు పెంచుకోవడం నాకు తెలివైన పనిగా తోచదు.

సినిమా పాట పదిహేను సెకన్లే వాడి, కింద "కర్టెసీ" అని రాస్తే?

కాపీరైట్ చట్టంలో పదిహేను సెకన్ల లెక్కా లేదు, ముప్పై సెకన్ల లెక్కా లేదు. కర్టెసీ అని రాయడం మర్యాదే, అనుమతి కాదు. 52వ సెక్షన్ విమర్శకూ సమీక్షకూ వర్తమాన ఘటనల వార్తలకూ న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. పాట గురించి మాట్లాడుతూ ఓ ముక్క వినిపించడం దానికింద నిలబడొచ్చు. మీ అరకు ట్రిప్పు వెనక మోగించడం నిలబడదు.

పాత పాటలు, అన్నమయ్య కీర్తనలు అయితే ఫర్వాలేదు కదా?

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. పాటలో హక్కులు పొరలు పొరలుగా ఉంటాయి. రికార్డింగ్‌కి విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. సాహిత్యానికీ బాణీకీ ఆ రచయిత, ఆ స్వరకర్త కన్నుమూసిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. "మాయాబజార్" 1957 నాటిది కాబట్టి ఆ రికార్డింగుల గడువు 2017తో ముగిసింది. కానీ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, సంగీతం కూర్చిన ఘంటసాల 1974లో పోయారు. ఆ లెక్కన సాహిత్యానికి 2031 చివరిదాకా, ఘంటసాల బాణీలకు 2034 చివరిదాకా హక్కులు బతికే ఉంటాయి.

అన్నమయ్య పదాలు ఎవరైనా వాడుకోవచ్చు, వాటిమీద ఎవరికీ హక్కు లేదు. అయితే మనం వింటున్న బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. రాళ్లపల్లి వారు పోయింది 1979లో, అంటే ఆయన బాణీలకు ఇంకా హక్కులున్నాయి. త్యాగరాజ కృతి సంగతి ఇంకొంచెం తేలిక: కృతి ఉచితం, దాన్ని ఫలానా విద్వాంసులు పాడిన క్యాసెట్టు ఉచితం కాదు. ఇంట్లో అమ్మాయి చేత పాడించి రికార్డు చేసుకుంటే ఏ గొడవా లేదు.

ఎడిటర్‌లోనే ఇచ్చిన సంగీతం?

చాలాచోట్ల ఫర్వాలేదు, కానీ చదువుకోవాలి. ఐమూవీలో ఇచ్చిన ట్రాకులను మీ వీడియో వెనక పెట్టి ప్రసారం చేసుకోనిస్తారు, విడిగా ఆడియోగా పంచనివ్వరు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎంచుకున్న పాట ఇన్‌స్టాగ్రామ్‌కే. ఆ రీల్‌ని దించి యూట్యూబ్‌లో పెడితే ఆ అనుమతి వెంట రాదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ నాకు నచ్చిన దారి. అందులోనూ కొన్ని ట్రాకులకు వివరణలో పేరు రాయాలని షరతు ఉంటుంది.

యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఛానల్ పోతుందా?

కంటెంట్ ఐడీ క్లెయిమ్‌తో పోదు. మామూలుగా ప్రకటనల డబ్బు పాట హక్కుదారుకి వెళుతుంది, లేదా వీడియో కనబడకుండా పోతుంది. స్ట్రైక్ వేరు. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ మూతపడొచ్చు. క్లెయిమ్ తప్పనిపిస్తే అభ్యంతరం పెట్టండి, జవాబివ్వడానికి అవతలివాళ్లకు 30 రోజులుంటాయి.

మా పెళ్లి వీడియోని నేనే మళ్లీ ఎడిట్ చేసుకోవచ్చా? స్టూడియో అతను కూడదంటున్నాడు.

రాసుకున్న ఒప్పందం ఏమీ లేకపోతే హక్కు మీదే. డబ్బిచ్చి ఎవరు తీయించుకుంటారో ఫొటోలకూ వీడియోకీ వాళ్లే తొలి యజమానులని 17వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి అడక్కుండా మీ తలంబ్రాలు తన ఇన్‌స్టా పేజీలో పెట్టుకునే ముందు ఆలోచించాల్సింది అతనే. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో మాత్రం చూడండి.

ఊరేగింపులో, పెళ్లి సంబరాల్లో పాటలు వేసుకోవడానికి 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. పెళ్లిళ్లకు రాయల్టీ వసూలు చేయకూడదని 2023 జూలైలో కేంద్ర విభాగం ఒక నోటీసు కూడా ఇచ్చింది. అయితే ఆ మినహాయింపు వేడుక జరిగే చోటికే. అదే పాటను వీడియోలో కలిపి నెట్‌లో పెడితే అది గొడుగు పట్టదు.

తెలుగు అక్షరాలకూ లైసెన్సు ఉంటుందా?

ఉంటుంది. డీటీపీ షాపులో ఎవరో పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన అను ఫాంట్లు ఉంటే లైసెన్సు ఉన్నట్టు కాదు, అది డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, ఎన్టీఆర్, సూరన్న, ధూర్జటి వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉన్నాయి, వ్యాపార ప్రకటనకైనా వాడుకోవచ్చు. ఏ ఎడిటర్ అయినా ఖాయం చేసుకునే ముందు అందులో "శ్రీలక్ష్మి", "స్త్రీ" అని టైప్ చేసి చూడండి. వత్తులు విడిపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

ఏడు రోజుల ట్రయల్ అన్నారు, కార్డు వివరాలు ఇచ్చేశాను. డబ్బు కట్ అవుతుందా?

ఆపకపోతే అవుతుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఆటోడెబిట్‌కి కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి, అప్పుడు కూడా ఆపుకోవచ్చు. యూపీఐ ఆటోపే అయితే మీ పేమెంట్ యాప్‌లోనే రద్దు చేయండి. ఫోన్‌లోంచి ఎడిటర్ యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. నెలనెలా కడుతున్నట్టు కనిపించే ఏడాది ప్లాన్లు మరీ జాగ్రత్త, మధ్యలో మానితే రుసుము అడుగుతారు. ఈ రుసుమును సరిగా చెప్పకుండా దాచారని 2024 జూన్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫారసు మీద అమెరికా ప్రభుత్వం ప్రీమియర్ ప్రో తయారుచేసే అడోబీ మీద దావా వేసింది.