పులికాట్ బురదలో కాపురాలు



పోయిన నెల గోడపత్రికలో ఫ్లెమింగో పక్షి గురించి బొమ్మతో సహా చక్కగా రాశారు. వార్డెన్ గారు కూడా మెచ్చుకున్నారు. కానీ అంత పెద్ద పక్షి తలకాయ తిరగేసి, ముక్కు బురదలో పెట్టి ఏం వెతుకుతుందో అందులో రాయలేదు. అది నేను రాస్తాను. మాది ఆ ఒడ్డే. హాస్టల్లో చేరిన కొత్తలో నన్ను 'బురదపీత' అని పిలిచినవాళ్ళు తప్పక చదవగలరు.

పులికాట్ సరస్సును మా పక్క పెద్దలు ప్రళయకావేరి అంటారు. మన దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత ఇదే పెద్దది. ఎక్కువ భాగం మన రాష్ట్రంలోను, దక్షిణపు కొస తమిళనాడులోను కలదు. సముద్రానికీ దీనికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డం. స్వర్ణముఖి, కాళంగి, అరణి నదుల నీళ్ళు ఇందులోకి వస్తాయి. పేరుకు సరస్సే గాని చాలాచోట్ల మోకాలి లోతు, నడుం లోతు మాత్రమే.

ఇక బురద సంగతి. వెన్నెముక లేని జీవులను అకశేరుకాలు అంటారని మనం పాఠంలో చదివాము. నీటి అడుగున నేలలో ఉండే ఇలాంటి జీవులను లెక్కపెట్టడానికి శాస్త్రవేత్తలు బురదను తీసి, అర మిల్లీమీటరు కన్నాల జల్లెడలో కడుగుతారు. జల్లెడలో మిగిలేవి పెద్ద జీవులు, జారిపోయేవి సూక్ష్మ జీవులు. సంక్రాంతి సెలవుల్లో నేను పాత దోమతెర మడతపెట్టి మా ఇంటి ముందర బురద కడిగాను. మా అవ్వ "చదువుకోమని పంపిస్తే మళ్ళా బురదేనా" అని తిట్టింది.

ముందుగా దొరికినవి పురుగులు. చూడ్డానికి వానపాము లాగే ఉంటాయి గాని దగ్గరగా చూస్తే ఒంటి రెండు పక్కలా వెంట్రుకల కుచ్చులు వరుసగా ఉంటాయి. అందుకే వీటిని పాలీకీటా అన్నారు, అనేక వెంట్రుకలవి అని అర్థం. ఇవి వానపాము చుట్టాలే. రొయ్యల హేచరీల వాళ్ళు ఈ పురుగుల్ని తల్లి రొయ్యలకు మేపడానికి డబ్బిచ్చి కొంటారు. కాబట్టి పురుగే కదా అని తీసిపారేయకండి! తర్వాత రెండు చిప్పల గుల్లలు. ఇవి బురదలో దాక్కుని రెండు గొట్టాలు పైకి పెడతాయి. ఒక గొట్టంతో నీళ్ళు లోపలికి, ఇంకో దానితో బయటికి. నీళ్ళలోని సన్నటి మేతను వడగట్టి తింటాయి. నత్తలు, రొయ్యకు తమ్ముళ్ళలాంటి బుల్లి జీవులు కూడా దొరికాయి. ఒడ్డున ఒంటికొమ్ము పీత ఉంటుంది. మగదానికి ఒక డెక్క పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది ఎత్తి ఊపుతుంటే మనల్ని రమ్మన్నట్టే ఉంటుంది, నిజానికి పిలిచేది ఆడపీతను.

వీటి కన్నాల వల్ల పెద్ద ఉపకారం ఉంది. బురదలో పైన కొంచెం మేరకే గాలి అందుతుంది. లోపల నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. పురుగులు, పీతలు కన్నాలు చేస్తే ఆ దారిన నీళ్ళు, ఆక్సిజన్ లోపలికి దిగుతాయి. మా అమ్మకు ఆక్సిజన్ పేరు తెలియదు. కానీ కన్నం అంచు చూసి లోపల మండపీత ఉందో లేదో చెబుతుంది. కన్నాలు లేక నల్లగా కంపుకొట్టే చోట కాలు పెట్టదు, "ఇక్కడ ఏముండదు, పా" అంటుంది. సైన్సు మాస్టారుకి ఈ మాట చెబితే అదే సరైన పరీక్ష అన్నారు.

ఇన్ని రకాలున్నా సముద్రంలో ఉన్నన్ని ఇక్కడ ఉండవు. కారణం ఉప్పు. కిలో సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పులికాట్‌లో ఈశాన్య రుతుపవనాల వానలకు నదులు వచ్చి కొన్నిచోట్ల నీళ్ళు చప్పబడిపోతాయి. ఎండాకాలం ఇగిరిపోయి సముద్రం కంటే ఉప్పెక్కుతాయి. 1934లో రెమానే అనే జర్మనీ శాస్త్రవేత్త బాల్టిక్ సముద్రాన్ని పరిశీలించి, కిలోకు 5 నుంచి 8 గ్రాముల ఉప్పున్న చోట జీవుల రకాలు అన్నిటికన్నా తక్కువని చూపించాడు. మంచినీటి జీవికి ఆ ఉప్పు ఎక్కువ, సముద్రపు జీవికి తక్కువ. రెండింటికీ ఓర్చుకున్నవే మిగులుతాయి. అయితే ఓర్చుకున్న ఆ కొద్ది రకాలే లెక్కలేనన్ని పెరగగలవు, పక్షులకు అదే అన్నం.

ఈ ఓర్పుకీ హద్దుంది. సముద్రపు నీళ్ళు వచ్చిపోయే ముఖద్వారాలు ఇసుక మేట వేసి పూడిపోతుంటాయి. మాకు ఉత్తరాన రాయదొరువు దగ్గరిది అట్లాంటిదే. ముఖద్వారం పూడితే కొత్త నీళ్ళు రావు, వాటితో వచ్చే రొయ్యపిల్లలు, పీతపిల్లలు రావు. ఒక ఎండాకాలం మా ఒడ్డున గుల్లలన్నీ నోళ్ళు తెరుచుకుని చచ్చి పడున్నాయి. ఆ ఏడు అమ్మ బుట్ట ఖాళీగా తెచ్చింది. నాయన ఇటుకబట్టీ పనికి పోయాడు, మా చెల్లి కూడా వెంట పోయింది. దాని నాలుగో తరగతి అక్కడే ఆగింది. ఈ ఏడు మళ్ళీ బళ్ళో చేర్చారు, ఇప్పుడు దాని ఈడు పిల్లలకంటే ఒక తరగతి వెనక ఉంది.

నేను తెచ్చిన గుల్లలు, మూడు పురుగులు సైన్సు గది కిటికీలో సీసాలో ఉన్నాయి. చూడాలనుకున్నవాళ్ళు ఆదివారం టిఫిన్ అయ్యాక రండి, భూతద్దం మాస్టారు ఇస్తానన్నారు. సీసా మాత్రం కదపకండి, ఒక పురుగు ఇంకా బతికే ఉంది.