కీళ్లును త్రాగునీరును

పెరిగిన మనుష్యుని దేహమున 206 ఎముకలు గలవు. రెండెముకలు కలియు చోటిని కీలు, లేక సంధి యందురు.

కీళ్లన్నియు నొక్కతీరువి కావు. పుఱ్ఱెపైనున్న యెముకలు రంపపుపండ్లవలె నొకదానిలో నొకటి యిమిడి కదలకుండును. మోచేయి తలుపుబందువలె నొకవైపునకే ముడుచుకొనును. భుజమునందును తుంటియందును ఎముకయొక్క గుండ్రని తల గిన్నెవంటి గుంటలో నమరి యన్నివైపులకును తిరుగును. తిరుగలి మీదిరాయి క్రిందిరాతి మేకుచుట్టును తిరుగునట్లు, మెడలోని మొదటిపూస రెండవపూస కొమ్ముచుట్టును తిరుగుటచేత మనము తల నిటునటు త్రిప్పుచున్నాము.

కదలెడు కీలులో ఎముకల కొనలను నునుపైన మృదులాస్థి కప్పియుండును. వాని నడిమి జిగటద్రవము బండియిరుసునకు కందెన చేయు పనినే చేయును. ఎముకను ఎముకతో గట్టియుంచు నారపట్టీలు సంధిబంధనములు. ఇవి బలముగా నుండియు వంగవలెను.

ఇవి రాయియైన నేమగునో మన సీమయే సాక్ష్యము. 1937వ సంవత్సరమున షార్టు అను వైద్యుడును ఆయన సహచరులును నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో జనుల వెన్ను బిగిసిపోవుటకు బావినీటిలోని ఫ్లోరైడు కారణమని ప్రకటించిరి. అది యేండ్లతరబడి యెముకలలో చేరగా బంధనములలో సున్నపులవణములు పేరుకొనును. వెన్నుపూసలు ఒకటిగా నతుకుకొనును.

మన అనంతపురపు మెట్టలో సాలువాన సుమారు 550 మిల్లీమీటర్లే. చెఱువు లెండినకొలదిని బోరుబావులు లోతగుచున్నవి. లోతట్టు రాతిపొరలలో చిరకాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా కరగియుండవచ్చును. ఇందుచేతనే 1995-96లో శ్రీ సత్యసాయి పథకమున ఈ జిల్లాలోని 700లకు పైబడిన గ్రామములకు మంచినీరు తెచ్చిరి.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. అది రుచికిని రంగుకును తెలియదు, కాచినను పోదు. పటికయు సున్నమును తగుపాళ్లలో గలిపి తేర్చు నల్లగొండ పద్ధతిచే దానిని తగ్గింపవచ్చును.

ఇంటిలోని పెద్దలను మోకాళ్లు వంచక పాదముల వ్రేళ్లను తాకుమనుడు. గడ్డమును ఱొమ్మున కానింపుమనుడు. చేతులతో తలవెనుక తాకుమనుడు. చేయలేనివారి కెల్ల నీ వ్యాధియే యని తలపరాదు, వైద్యునికి చూపవలెను. పిల్లల పండ్లపై మచ్చలున్నను నీటిని పరీక్షింపింపవలెను. బిగిసిన కీలును మరల వదులుచేయు మందు లేదు. మంచినీరు ముందుగా త్రాగుటయే రక్ష. కావున ఈ సెలవులలో మీ ఊరిబావినీటిని ఒక శుభ్రమైన సీసాలో తెచ్చి పరీక్షకు పంపుడని మా కోరిక.