జలుబుకి అజిత్రోమైసిన్ ఎందుకు?

మన హాస్టల్లో ఎవరైనా రెండుసార్లు తుమ్మితే చాలు, పక్క రూమ్ నుంచి "అజిత్రో 500 వేసుకోరా" అని సలహా వచ్చేస్తుంది. జలుబేమో వైరస్ వల్ల వస్తుంది. ఈ మందు పనిచేసేది బాక్టీరియా మీద. వాటి లోపల ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌కి అతుక్కుని ఆ పనిని ఆపేస్తుంది. వైరస్‌కి సొంత రైబోజోమే లేదు, ఇక ఆపడానికి ఏముంది? నాలుగు రోజులకి జలుబు దానంతట అదే తగ్గుతుంది, పేరు మాత్రం మాత్రకి.

దీని అసలు విలువ టైఫాయిడ్‌లో తెలుస్తుంది. 2016లో పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లో (మనది కాదు!) మొదలైన టైఫాయిడ్ మీద మామూలుగా వాడే మందులు చాలావరకు పనిచేయలేదు. నోటితో వేసుకునేవాటిలో నమ్మకంగా మిగిలింది ఇదే. ఇక్కడా డాక్టర్లు టైఫాయిడ్‌కి దీన్ని రాస్తారు. ప్రతి తుమ్ముకీ వాడేస్తే, దీన్ని తట్టుకునే బాక్టీరియానే మిగిలి పెరుగుతాయి. రేపు హాస్టల్ నీళ్ల వల్ల నిజంగా టైఫాయిడ్ వస్తే ఏం వేసుకుంటాం?

విరేచనాలు, కడుపునొప్పి మామూలే. కొందరిలో గుండె లయ ప్రమాదకరంగా తప్పొచ్చని 2013లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అందుకే గుండె సమస్య ఉన్నా, వేరే మందులు వాడుతున్నా డాక్టర్‌కి ముందే చెప్పాలి. స్ట్రిప్ మీద ఎర్ర గీత చూశారా? డిజైన్ అనుకోకండి, డాక్టర్ చీటీ ఉంటేనే వాడాలని దాని అర్థం.