మా కంప్యూటర్ గదిలో మేము రాసుకున్న ఫంక్షన్లు

మన హాస్టల్ కంప్యూటర్ గదిలోని పాత కంప్యూటర్లు ఆన్ చేసినప్పుడు వాటి తెర మిగతా చోట్ల కనిపించే తెరలా ఉండదు. "ఇదేంటన్నా, స్టార్ట్ బటన్ ఎక్కడ?" అని కొత్తగా చేరిన తమ్ముళ్లు ప్రతి ఏడాదీ అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబుగా ఈ వ్యాసం రాస్తున్నాము.

లైనక్స్‌లో తెరమీద కనిపించే కిటికీలను (విండోలను) గీసేది ఒకటి, వాటిని అదుపులో పెట్టేది మరొకటి. గీసే పని ఎక్స్ విండో వ్యవస్థది. ఇది 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో మొదలైంది. ఏ కిటికీ పైన ఉండాలి, ఏది ఎక్కడికి జరగాలి, దాని చుట్టూ అంచు ఎలా ఉండాలి అని నిర్ణయించే ప్రోగ్రామును విండో మేనేజర్ అంటారు. నచ్చకపోతే దాన్ని తీసేసి ఇంకొకటి పెట్టుకోవచ్చు. మేము పెట్టుకున్నది ఎఫ్‌వీడబ్ల్యూఎం. రాబర్ట్ నేషన్ అనే ఆయన 1993లో, అంతకుముందున్న టీడబ్ల్యూఎం అనే మేనేజర్ మెమరీ ఎక్కువ తింటున్నదని దాన్ని మార్చి దీన్ని తయారుచేశారు. మెమరీ తక్కువ ఉన్న మా మిషన్లకు ఇది సరిపోవడానికి కారణం అదే.

దీని అమరికలన్నీ ఒకే ఒక మామూలు ఫైలులో ఉంటాయి. నోట్‌బుక్కులో రాసినట్టు అందులో వాక్యాలు రాస్తాం. అందులో ముఖ్యమైనవి ఫంక్షన్లు. ఫంక్షన్ అనగా కొన్ని ఆజ్ఞలను ఒక మూటగా కట్టి దానికి ఒక పేరు పెట్టడం. పేరు మన ఇష్టం. మేము తెలుగు పేర్లే పెట్టాము, కాకపోతే ఫైలులో అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాము.

యాడ్‌టుఫంక్ లేపికదుపు
+ ఐ రైజ్
+ ఎం మూవ్
+ డి మ్యాగ్జిమైజ్
మౌస్ 1 టి ఎ లేపికదుపు

వరుస మొదట్లోని అక్షరమే ఇందులో కిటుకు. 'ఐ' అంటే వెంటనే చెయ్యి. 'ఎం' అంటే బటన్ నొక్కి మౌస్ జరిపితే చెయ్యి. 'డి' అంటే రెండుసార్లు నొక్కితే. ఒక్కసారి నొక్కితే అనడానికి 'సి', నొక్కి పట్టుకుంటే అనడానికి 'హెచ్' ఉన్నాయి. చివరి వరుసలో 1 ఎడమ బటన్, 'టి' కిటికీ పైనున్న పేరు పట్టీ, 'ఎ' అంటే కంట్రోల్, ఆల్ట్ లాంటివి ఏవి నొక్కినా సరే అని. నొక్కి వదలడానికి మధ్య 150 మిల్లీసెకన్లు దాటితే అది క్లిక్ కింద లెక్కలోకి రాదు. చేతులు నెమ్మదిగా ఆడే చిన్నపిల్లల కోసం మేము క్లిక్‌టైమ్‌ను 400 చేశాము.

మాకు బాగా పనికొచ్చింది ఇంకొకటి. ఫిజిక్స్ రికార్డు రాసేటప్పుడు అందరూ ఎఫ్2 నొక్కి క్యాలిక్యులేటర్ తెరిచేవారు. ముందువాళ్లు తెరిచింది వెనక దాగి ఉంటే కనబడదు కదా, మళ్లీ నొక్కేవారు. ఒకనాటి సాయంత్రం ఒకే తెరమీద పద్నాలుగు క్యాలిక్యులేటర్లు లెక్కపెట్టాము! అందుకని ఇలా రాశాము:

యాడ్‌టుఫంక్ ఉందాచూడు
+ ఐ నన్ ($0) ఎగ్జెక్ ఎగ్జెక్ $1
+ ఐ నెక్స్ట్ ($0) ముందుకుతే
కీ ఎఫ్2 ఎ ఎన్ ఉందాచూడు ఎక్స్‌కాల్క్ ఎక్స్‌కాల్క్

$0, $1 అనేవి ఖాళీ డబ్బాలు. చివరి వరుసలో మనమిచ్చిన రెండు మాటలు వాటిలోకి వెళతాయి. ఆ పేరుగల కిటికీ ఒక్కటీ లేకపోతే 'నన్' కొత్తది తెరుస్తుంది. ఉంటే 'నెక్స్ట్' దాన్ని పట్టుకుని 'ముందుకుతే' అనే చిన్న ఫంక్షన్‌కు అప్పగిస్తుంది. అది కిటికీ ముడుచుకుని ఉంటే విప్పి, పైకి లేపి, కీబోర్డును దానికి ఇస్తుంది. మాటలు మార్చితే ఇదే ఫంక్షన్ ఏ ప్రోగ్రాముకైనా పనిచేస్తుంది.

రాసిన మరునాడు ఎఫ్2 ఒక్కసారి నొక్కితే రెండు క్యాలిక్యులేటర్లు వచ్చాయి. చాలాసేపు తల పట్టుకున్నాక తెలిసింది. యాడ్‌టుఫంక్ అంటే 'చేర్చు' అనే గాని 'మార్చు' అని కాదు. ఫైలును రీడ్ ఆజ్ఞతో మళ్లీ చదివించినప్పుడు అవే వరుసలు రెండోసారి చేరాయి. మొదటి క్యాలిక్యులేటర్ తెరమీదికి వచ్చేలోపే రెండో 'నన్' కూడా "లేదు" అనుకుని ఇంకొకటి తెరిచింది. ప్రతి ఫంక్షన్‌కు ముందు డిస్ట్రాయ్‌ఫంక్ అని, దాని పేరు రాసి పాతది చెరిపేస్తే ఈ బాధ ఉండదు. మేనేజర్‌ను రీస్టార్ట్ చేసినా సరే.

అది నవ్వుకునే తప్పు. ఇప్పుడు చెప్పేది అలాంటిది కాదు. కిటికీలు బిగుసుకుపోతున్నాయని ఎఫ్4కు మేము డిస్ట్రాయ్ అనే ఆజ్ఞ పెట్టాము. ఇంటర్ చదివే ఒక తమ్ముడు ఈ పత్రిక కోసమే గంటన్నర కూర్చుని వ్యాసం టైపు చేసి, సేవ్ చేయకుండా ఎఫ్4 నొక్కాడు. "సేవ్ చేయాలా?" అని ఏదీ అడగలేదు, కిటికీ మాయమైంది. వాళ్ల నాన్న వలస వెళ్లిన సంగతి అందులో మొదటిసారి రాసుకున్నాడు. వాడు మమ్మల్ని ఏమీ అనలేదు, లేచి వరండాలోకి వెళ్లి కూర్చున్నాడు. ఆ రాత్రి అన్నం గంట తర్వాత మేము టైపు చేస్తుంటే వాడు పక్కన కూర్చుని మళ్లీ చెప్పాడు. కొన్ని వాక్యాలు గుర్తుకు రాలేదన్నాడు.

తేడా ఇదీ. డిలీట్ అంటే ప్రోగ్రామును "దయచేసి మూసుకో" అని అడగడం, అప్పుడు అది సేవ్ సంగతి మనల్ని అడుగుతుంది. డిస్ట్రాయ్ అంటే అడగకుండా పీకేయడం. క్లోజ్ అనేది ముందు మర్యాదగా అడుగుతుంది, ఆ మాట అర్థం చేసుకోలేని కిటికీ అయితేనే పీకేస్తుంది. ఇప్పుడు ఎఫ్4కు క్లోజ్ ఉంది. డిస్ట్రాయ్ కావాలంటే కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకుని పేరు పట్టీ మీద కుడి బటన్ నొక్కాలి, పొరపాటున జరిగే పని కాదు.

ఇలా మార్చుకునే వీలు వేరే మేనేజర్లలోనూ ఉంది. ఆసమ్‌కు లువా భాష, ఎక్స్‌మొనాడ్‌కు హ్యాస్కెల్ రావాలి. డీడబ్ల్యూఎంలో అయితే సి కోడే మార్చి మళ్లీ కంపైల్ చేయాలి. సి నేర్చుకుంటున్న అన్నలు ప్రయత్నించవచ్చు, మాకు మాత్రం ఓపిక లేకపోయింది.

ఫైలు ముట్టుకునే ముందు దానికి ఒక నకలు తీసి తేదీ పేరుతో ఉంచండి. మా నకళ్లు తలుపు దగ్గరి కంప్యూటర్‌లో 'పాతవి' అనే ఫోల్డరులో ఉన్నాయి. ఎఫ్5 నుంచి ఎఫ్8 వరకు కీలు ఇంకా ఖాళీ.