బల్బుకు ఒక గొడుగు
(షేడ్‌ను పట్టి ఉంచే సర్దుబాటు క్లిప్పు – ఒక చిన్న పాఠం)



పత్రికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందుగా నాకు మన పెద్ద హాలు గుర్తొచ్చింది. పదో తరగతి పరీక్షల ముందు రాత్రి 11 గంటల వరకు లైటు ఉండాలని మేము, 9 గంటలకే ఆర్పాలని చిన్న పిల్లలు. రోజూ గొడవే. ఒక ఐదో తరగతి పాప కళ్ల మీద తువాలు కట్టుకుని పడుకునేది. ఆ పాపకు అడ్డంగా ఉంటుందని ఒక రాత్రి నేనే వరండా బల్బుకు న్యూస్‌పేపరు చుట్టాను. పావుగంటలో కాగితం గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వచ్చింది. భయపడి లైటు ఆర్పేశాం. ఆ రాత్రి ఎవరమూ చదవలేదు, సరిగా నిద్రా పోలేదు.

ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతూ చూస్తే, మా గొడవకు పరిష్కారం లైటు ఆర్పడంలో లేదు, వెలుగును తిప్పడంలో ఉంది అని అర్థమైంది. ఆ సంగతే ఈ పాఠం.

1. వెలుగు ఎక్కడికి పోతోంది?

బల్బు తన వెలుగును అన్ని వైపులా చల్లుతుంది. మనకు కావలసింది పుస్తకం మీద మాత్రమే. మిగిలినది గోడలకు, పైకప్పుకు, పడుకున్నవాళ్ల కళ్లలోకి పోతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 900 ల్యూమెన్ల వెలుగునిస్తుంది. అది అన్ని వైపులా సమానంగా పడుతుందనుకుంటే, 900ను 4πతో భాగించాలి. సుమారు 72 క్యాండెలాలు వస్తుంది. దీన్ని దూరం వర్గంతో భాగిస్తే, నేరుగా కింద ఉన్న పుస్తకం మీద ఎన్ని లక్సుల వెలుగు పడుతుందో తెలుస్తుంది.

బల్బు 2.4 మీటర్ల ఎత్తులో ఉంటే: 72 ÷ 5.76 = 12.5 లక్సులు.
బల్బు 0.6 మీటర్ల ఎత్తులో ఉంటే: 72 ÷ 0.36 = 200 లక్సులు.

దూరం 4 రెట్లు తగ్గితే వెలుగు 16 రెట్లు పెరిగింది. మనం ఇంటర్లో చదివే విలోమ వర్గ నియమం ఇదే. చదువుకోవడానికి దాదాపు 300 లక్సులు ఉంటే మంచిదని లైటింగు లెక్కల్లో తీసుకుంటారు. బల్బుపై లోపల తెల్లరంగు వేసిన షేడ్ పెడితే, పైకి, పక్కలకు పోయే వెలుగులో చాలా భాగం కిందికి తిరిగి వస్తుంది. అప్పుడు అదే 9 వాట్లతో 300కు దగ్గరగా వెళ్లవచ్చు. (నిజానికి ఎల్‌ఈడీ బల్బు అడుగుభాగం మూసి ఉంటుంది కాబట్టి ముందువైపు వెలుగు కొంచెం ఎక్కువ. గోడల నుంచి కూడా కొంత వస్తుంది. పైన చెప్పింది ఉజ్జాయింపు లెక్క.)

కాబట్టి ఎక్కువ వాట్ల బల్బు కొనే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. బల్బు ఎంత దగ్గరగా ఉంది? దాని మీద గొడుగు ఉందా?

2. ఫిలింనగర్ నేర్పిన పాఠం

మా మేనమామ సినిమా షూటింగుల్లో లైట్‌మెన్. పాలమూరు నుంచి వలస వచ్చి కృష్ణానగర్‌లో ఉంటాడు. బడికి పోయింది మూడో తరగతి వరకే. కానీ వెలుగు గురించి నాకు మొదట చెప్పింది ఆయనే.

తెలుగు సినిమా మద్రాసు నుంచి మెల్లగా హైదరాబాదుకు వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు గారు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించారు. కృష్ణ గారి పద్మాలయ, రామానాయుడు గారి స్టూడియో కూడా ఈ జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతంలోనే వెలిశాయి. తెర మీద మనం హీరోలను చూస్తాం. ఆ హీరో ముఖం మీద వెలుగు ఎంత పడాలో, వెనక గోడ మీద ఎంత పడకూడదో చూసుకునే పని కెమెరామెన్‌ది. దాన్ని చేతులతో చేసి పెట్టేది లైట్‌మెన్. సినిమా వాళ్లు చెప్పే 24 క్రాఫ్టుల్లో వీళ్లదీ ఒకటి.

షూటింగు లైటు ముందు ఫ్రెనెల్ అనే గాజు కటకం ఉంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆగస్టిన్ ఫ్రెనెల్ 1820ల్లో సముద్ర తీరపు దీపస్తంభాల కోసం చేసిన కటకం అది. లోపలి బల్బును కటకానికి దగ్గరగా జరిపితే వెలుగు వెడల్పుగా పరుచుకుంటుంది, వెనక్కి జరిపితే ఒకచోట కేంద్రీకరిస్తుంది. లైటు ముందు నల్ల రేకు తలుపులుంటాయి. వాటిని బార్న్ డోర్లు అంటారు. తలుపు ఎంత మూస్తే వెలుగు అంత కత్తిరించబడుతుంది. ఇంకా దూరంగా స్టాండుకు నల్లగుడ్డ చట్రం బిగిస్తే అది కట్టర్. తెల్ల థర్మాకోల్ షీటు మీదికి లైటు కొట్టి తిప్పితే మెత్తటి వెలుగు వస్తుంది. ఇలా తిప్పిన వెలుగునే ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర, సత్యజిత్ రే తీసిన ‘అపరాజితో’ (1956)లో వాడారు. స్టూడియోలో వేసిన కాశీ ఇంటి సెట్టు మీద తెల్లగుడ్డ పరిచి, లైట్లను దాని మీదికి కొట్టి, ఆకాశం నుంచి దిగే పగటి వెలుగును తెప్పించారు.

మన షేడ్ కూడా ఇవే పనులు చేస్తుంది. దాని అంచు కట్టర్. దాని లోపలి తెలుపు థర్మాకోల్. కావలసిందల్లా దాన్ని అనుకున్న కోణంలో పట్టి ఉంచే ఒక క్లిప్పు.

3. క్లిప్పు ఎలా చేయాలి?

సామాను: హోల్డర్‌కు సరిపోయే హోస్ క్లిప్పు (గ్యాసు పైపుకు బిగించే లాంటిది, కొంచెం పెద్దది), 2 సెంటీమీటర్ల వెడల్పున్న అల్యూమినియం పట్టీ ముక్కలు రెండు, 5 మిల్లీమీటర్ల బోల్టు, దానికి చెవులున్న నట్టు, వెడల్పు వాషర్లు రెండు, రబ్బరు వాషరు ఒకటి, పలుచటి అల్యూమినియం రేకుతో చేసిన షేడ్. ఇవన్నీ చిన్న హార్డ్‌వేరు షాపులో దొరుకుతాయి. పాత హోల్డర్‌ను చేత్తో పట్టుకెళ్లి కొలత చూసి కొనండి.

మొదటి పట్టీ 15 సెంటీమీటర్లు. దాని ఒక చివరను హోల్డర్ ఒంటికి ఆనించి, మీదుగా హోస్ క్లిప్పు వేసి బిగించాలి. రెండో చివర బోల్టుకు రంధ్రం చేయాలి. రెండో పట్టీ 5 సెంటీమీటర్లు. దాన్ని షేడ్‌కు రెండు రివెట్లతో బిగించి, దానికీ రంధ్రం చేయాలి. రెండు పట్టీల మధ్య రబ్బరు వాషరు, బయట రెండు వైపులా వెడల్పు వాషర్లు పెట్టి బోల్టు వేసి చెవుల నట్టు బిగించాలి. నట్టు వదులు చేస్తే షేడ్ వంగుతుంది, బిగిస్తే అక్కడే ఆగుతుంది. ఆపేది ఘర్షణ బలం. వాషరు వెడల్పు పెరిగితే ఘర్షణ ఇరుసుకు దూరంగా పనిచేస్తుంది, పట్టు పెరుగుతుంది.

ఇక్కడే మామ చెప్పిన రహస్యం ఉంది. స్టాండుకు కట్టర్ బిగిస్తూ ఆయన అన్నాడు: “బరువు ఎటు దిక్కు గుంజుతదో, స్క్రూ గూడ అటే బిగియాలె బిడ్డా. లేకుంటే నడిరాత్రి అదే ఊడి నెత్తిమీద పడ్తది.”

దీన్ని ఫిజిక్సులో చెప్పుకుందాం. నట్టుకు ఎదురుగా నిలబడి చూడండి. షేడ్ బోల్టుకు కుడివైపున ఉంటే, భూమ్యాకర్షణ దాన్ని గడియారం ముల్లు తిరిగే దిశలో లాగుతుంది. మామూలు నట్టు బిగిసేదీ ఆ దిశలోనే. కాబట్టి షేడ్ పట్టీ నట్టు వైపున ఉంటే, షేడ్ జారబోయినా నట్టు ఇంకా బిగుస్తుంది. ఎడమవైపున ఉంటే ప్రతి కదలికకూ నట్టు వదులవుతుంది. అలా ఉంటే బోల్టును తీసి రెండో వైపు నుంచి వేసి, షేడ్ పట్టీని కూడా నట్టు వైపుకు మార్చాలి. టార్కు గురించి నేను పరీక్షల్లో ఎన్నోసార్లు రాశాను. అది దేనికి పనికొస్తుందో తెలిసింది మాత్రం ఆ రోజే.

4. ఎంత వంచాలి?

పదో తరగతి త్రికోణమితి ఇక్కడ పనికొస్తుంది. షేడ్ అంచు బల్బు అడుగుకంటే 5 సెంటీమీటర్లు కిందికి ఉందనుకోండి. అంచు వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు. 5 ÷ 10 = 0.5. ఇది మన షేడ్ హద్దు.

బల్బు అడుగు నేల నుంచి 135 సెంటీమీటర్ల ఎత్తులో, చాప మీద పడుకున్న పాప కళ్లు 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయి. తేడా 120. పాప 3 మీటర్ల దూరంలో ఉంటే 120 ÷ 300 = 0.4. ఇది 0.5 కంటే తక్కువ కాబట్టి బల్బు ఆమెకు కనబడదు. 2 మీటర్ల దూరంలోనే ఉంటే 120 ÷ 200 = 0.6. హద్దు దాటింది, బల్బు కళ్లలో పడుతుంది. అప్పుడు పాప వైపున్న అంచు దిగేలా షేడ్‌ను సుమారు 10 డిగ్రీలు వంచితే మళ్లీ మరుగవుతుంది. కదలని షేడ్‌తో ఇది కుదరదు. సర్దుబాటు క్లిప్పు అవసరం అందుకే.

ఇంగ్లండులో జార్జ్ కార్వర్డీన్ అనే ఇంజినీరు 1930ల మొదట్లో స్ప్రింగులతో ఎటు వంచినా ఆగే టేబుల్ లైటును కనిపెట్టాడు. ఆంగిల్‌పాయిజ్ అనే పేరుతో అది లోకమంతా తెలుసు. మనది దానికి పేద చెల్లెలు.

5. జాగ్రత్తలు

• కాగితం, గుడ్డ, ప్లాస్టిక్కు కవరు బల్బుకు చుట్టవద్దు. పాత పీచు బల్బు తీసుకునే కరెంటులో నూటికి 90 పాళ్లకు పైగా వేడిగా మారుతుంది. 100 వాట్ల బల్బు గాజు 200 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. నా న్యూస్‌పేపరు మాడింది అందుకే.
• 2015లో ఉజాలా పథకం మొదలైనప్పటి నుంచి ఎల్‌ఈడీ బల్బులు ఊరూరా వచ్చాయి. వీటి వేడి తక్కువే కానీ అది అడుగుభాగంలో పోగవుతుంది. గాలి ఆడకపోతే బల్బు త్వరగా పోతుంది. కాబట్టి షేడ్ పైభాగంలో రంధ్రాలు వదలాలి.
• క్లిప్పు ప్లాస్టిక్కు హోల్డర్‌కే బిగించాలి, ఇత్తడి హోల్డర్‌కు వద్దు. మరీ బిగిస్తే హోల్డర్ పగులుతుంది. రేకు గానీ పట్టీ గానీ బల్బుకు, వైర్లకు తగలకూడదు.
• వైరుకు వేలాడే హోల్డర్‌కు ఇది వద్దు. బరువు ఒక పక్కకు పడి హోల్డరే వంగిపోతుంది, వైరు లాగుకుంటుంది. గోడకు గానీ చెక్కకు గానీ స్క్రూలతో బిగించిన హోల్డర్ కావాలి.
• రేకు అంచులు మడవాలి. లేకుంటే చెయ్యి కోసుకుంటుంది.
• వార్డెన్ మేడమ్ అనుమతి లేకుండా, మెయిన్ ఆర్పకుండా పని మొదలుపెట్టవద్దు. వైరింగు ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

ముగింపు

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే మొదలు. నాకు తెలిసినది మా వాళ్లకు తెలియదని ఒకప్పుడు లోలోపల అనుకునేదాన్ని. కట్టర్ స్టాండు దగ్గర మామ చేతులు చూశాక ఆ ఆలోచన పోయింది. ఆ వేళ్ల మీద లైట్లు కాల్చిన మచ్చలున్నాయి. ఆయనకు సూత్రం పేరు తెలియదు, నాకు పని తెలియదు. రెండూ కలిస్తేనే ఈ క్లిప్పు తయారైంది.

చెల్లెళ్లారా, మీ ఇళ్లలో కూడా ఇలాంటి పనివాళ్లు ఉంటారు. సెలవులకు వెళ్లినప్పుడు వాళ్ల పని గురించి అడగండి. మీ పుస్తకంలో ఏ పాఠం దానికి సరిపోతుందో వెతకండి. వచ్చే సంచికలో అది మీరు రాయండి.

తువాలు కట్టుకుని పడుకున్న ఆ పాప ఇప్పుడు ఇంటరు దాటే వయసులో ఉంటుంది. ఈ పత్రిక తన చేతికి వస్తే, ఆలస్యంగానైనా ఇది నా క్షమాపణ అనుకోవాలి.