మాయ ఆలస్యంగా పడింది, మళ్లీ చూడి కడుతుందా?

ప్రశ్న: మా జెర్సీ ఆవు ఈని 8 రోజులైంది. మాయ మర్నాడు సాయంత్రానికి గానీ పడలేదు. ఇప్పుడు కంపు కొట్టే మైల పడుతోంది, మేత ముట్టడం లేదు. మళ్లీ చూడి కడుతుందా?

జవాబు: కట్టొచ్చు, ముందు గర్భకోశం వాపు తగ్గాలి. ఈనాక రెండు వారాల దాకా మైల మామూలే, కంపు మామూలు కాదు. జ్వరం చూడండి, 103 డిగ్రీలు దాటినా దాటకున్నా ఈరోజే డాక్టరుకు చూపించండి. మాయను చేత్తో లాగారా? మీరు రాయలేదు గానీ చాలామంది లాగుతారు. లోపలి పొర చిరిగి వాపు ముదిరేది అక్కడే. యాంటీబయాటిక్ వాడితే, డాక్టరు చెప్పినన్నాళ్లూ ఆ పాలు కేంద్రానికి పోయకండి. తర్వాత ఎదకొచ్చినప్పుడు కారే తీగ గాజులా తేటగా ఉండాలి. అందులో తెల్లని చీము నలకలుంటే ఆ ఎదకు చూడి సూది వేయించొద్దు, వైద్యం చేయించండి.