మానని గాయం

ఒక ఊళ్ళో ఒక ఇల్లాలు ఉంది. ఆమె అత్తకు పక్షవాతం వచ్చింది. ఏడాదిగా మంచంలోనే ఉంది. అత్తకు అన్నం తినిపించాలి. ఒళ్ళు తుడవాలి. రాత్రిళ్ళు రెండు మూడు సార్లు లేచి పక్కకు తిప్పాలి. అన్నీ కోడలే చేస్తుంది. పగలు కూలికి పోతుంది. అప్పు ఎట్లా తీరుతుందా అని బెంగ.

ఒకరోజు కూర తరుగుతుంటే కత్తిపీట తగిలి వేలు తెగింది. మూడు వారాలైనా గాయం మానలేదు.

"ఎవరి దిష్టో తగిలిందే పిల్లా" అంది పక్కింటి పెద్దమ్మ.

"దిష్టి కాదు పెద్దమ్మా, నా రాత" అంది కోడలు.

మర్నాడు ఆమె నర్సమ్మ దగ్గరకు వెళ్ళింది. నర్సమ్మ గాయం కడిగి కట్టు కట్టింది. కంటి రెప్ప లాగి రక్తం ఉందో లేదో చూసింది. షుగరు పరీక్ష చేసింది. షుగరు ఉంటే గాయాలు తొందరగా మానవు. ఆమెకు షుగరు లేదు.

"రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతావమ్మా?" అని అడిగింది నర్సమ్మ.

కోడలు జవాబు చెప్పలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నర్సమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని వివరంగా చెప్పింది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మన రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. అవి ఊరి కావలివాళ్ళ లాంటివి. ఒంట్లోకి రోగక్రిములు వస్తే వాటితో పోరాడతాయి. గాయమైతే అక్కడికి చేరి శుభ్రం చేస్తాయి. దీన్నే రోగనిరోధక శక్తి అంటారు.

మన మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. దారిలో పాము కనిపించిందనుకోండి. వెంటనే మెదడు ఈ గ్రంథులకు కబురు పంపుతుంది. అవి అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాలను రక్తంలోకి వదులుతాయి. వీటిని హార్మోన్లు అంటారు. గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తంలో చక్కెర పెరుగుతుంది. పరుగెత్తే బలం వస్తుంది. ఇది మన మంచికే. పాము పోతే హార్మోన్లు తగ్గిపోతాయి.

కాని తీరని చింత అలా పోదు. అది రోజూ ఉంటుంది. నిద్రలేమి దానికి తోడవుతుంది. అప్పుడు కార్టిసాల్ ఎక్కువ కాలం ఎక్కువగా ఉండవచ్చు. కార్టిసాల్ తెల్లకణాల పోరును తగ్గిస్తుంది. కావలివాళ్ళు మెత్తబడతారు. గాయం దగ్గరకు ఆలస్యంగా వస్తారు. జలుబులాంటివి తొందరగా పట్టుకుంటాయి.

"చితి చచ్చినవాళ్ళను కాలుస్తుంది, చింత బతికున్నవాళ్ళను కాలుస్తుంది" అని పెద్దలు ఊరికే అనలేదు.

పరీక్ష చేసి చూశారు

అమెరికాలో ఒహైయో అనే రాష్ట్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఒక పరీక్ష చేశారు. 1995లో దాని ఫలితం ప్రకటించారు. మతిమరుపు జబ్బు వచ్చిన తమవాళ్ళకు సేవ చేసే 13 మంది ఆడవాళ్ళను తీసుకున్నారు. అదే వయసులో ఉండి, అలాంటి బరువు లేని మరో 13 మందిని తీసుకున్నారు. అందరూ ఒప్పుకున్నాకే ముంజేతి మీద పెసరగింజంత గాయం చేశారు. బరువు లేనివాళ్ళకు సుమారు 39 రోజుల్లో మానింది. సేవ చేసేవాళ్ళకు ఇంకో 9 రోజులు ఎక్కువ పట్టింది.

అంటే ఇది రాత కాదు. దిష్టీ కాదు. ఒంటి మీద పడిన బరువు.

ఒక మాట మరవకూడదు

రోగాలన్నీ చింత వల్లే రావు. క్షయ క్రిమి వల్లే వస్తుంది. దానికి మందులే వాడాలి. విశ్రాంతి మందుకు బదులు కాదు, తోడు. గాయం మానకపోతే డాక్టరుకు చూపించాలి. షుగరు పరీక్ష చేయించుకోవాలి.

నర్సమ్మ ఆ సాయంత్రం వాళ్ళింటికి వచ్చింది. భర్తతో మాట్లాడింది. "మీ అమ్మకు సేవ చేసే మనిషి మంచాన పడితే ఇద్దరికీ ఎవరు చేస్తారయ్యా?" అంది.

అతను తల వంచుకున్నాడు. తల్లిని పక్కకు ఎట్లా తిప్పాలో నర్సమ్మ దగ్గర నేర్చుకున్నాడు.

"ఇక రాత్రిళ్ళు నేను లేస్తాను. నువ్వు పడుకో" అన్నాడు భార్యతో.

మంచంలో ఉన్న అత్త మాట స్పష్టంగా రాదు. అయినా కోడలి చెయ్యి పట్టుకుని "పడుకోవే" అంది.

చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కోడలు తెల్లవారేదాకా నిద్రపోయింది.

చర్చించండి

1. భయం వేసినప్పుడు మన ఒంట్లో ఏ హార్మోన్లు పెరుగుతాయి?
2. గాయం మానకపోతే ముందు ఏం చేయాలి?
3. మీ ఇంట్లో రోగికి సేవ ఎవరు చేస్తారు? వాళ్ళ పనిలో ఎవరెవరు పాలు పంచుకోవచ్చు?